మెగామ్యాన్ 2 బాస్‌లు: ఏ ఆయుధం ఎక్కడ దాచుకోవాలి

1988 డిసెంబరులో జపాన్‌లో నింటెండో వారి గేమ్ మెషీన్ ఫ్యామికామ్ మీద వచ్చిన వీడియో గేమ్ మెగామ్యాన్ 2ని ఇప్పుడు ఆడాలంటే లెగసీ కలెక్షన్ సులువైన దారి. 2015లో వచ్చిన ఈ సంకలనంలో సిరీస్ మొదటి ఆరు గేములూ ఉన్నాయి. తెర మీద శత్రువులు ఎక్కువైతే బొమ్మలు మిణుకుమనడం, వేగం మందగించడం లాంటి పాత మెషీన్ గుణాలను కూడా అలాగే ఉంచారు. మంచి పని చేశారు, పాత టైమింగ్ చేతికి అలవాటైనవాళ్లకు అదే కావాలి.

మొదట్లోనే నార్మలా, డిఫికల్టా అని అడుగుతుంది. పేరు చూసి జంకకుండా డిఫికల్టే తీసుకోండి. జపాన్ వాళ్లు ఆడిన అసలు గేమ్ అదే. నార్మల్‌లో మన దెబ్బలు రెట్టింపు పడతాయి, కాబట్టి బాస్ (దశ చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) తీరు అర్థమయ్యేలోపే వాడి పని అయిపోతుంది.

ఎనిమిది మంది బాస్‌లలో ఎవరితోనైనా మొదలుపెట్టవచ్చు, ఓడించిన ప్రతి ఒక్కరి ఆయుధమూ మనకు దొరుకుతుంది. అయినా మెటల్ మ్యాన్‌తో మొదలుపెట్టడమే తెలివి. మామూలు గన్నుతోనే వాడు లొంగుతాడు. మనం కాల్చినప్పుడల్లా ఎగిరి బ్లేడ్లు విసురుతాడు. కాళ్ల కింద నేల ఎటు జరుగుతోందో చూసుకోకపోతే మనమే వాటికి ఎదురెళ్తాం. వాడి దగ్గర దొరికే మెటల్ బ్లేడ్ ఎనిమిది దిక్కులకూ వెళ్తుంది. నాలుగు విసిరితే గానీ ఆయుధం శక్తిని చూపే బార్‌లో ఒక్క గీత తగ్గదు. నిజం చెప్పాలంటే ఇది మరీ చవక. ఈ ఒక్క ఆయుధం వల్ల సగం గేమ్ తేలిపోయింది. ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్టు, చివర్లో మళ్లీ ఎదురైనప్పుడు మెటల్ మ్యాన్ కూడా తన బ్లేడ్‌కే రెండు దెబ్బల్లో పోతాడు.

ఆ బ్లేడ్‌తో బబుల్ మ్యాన్‌ని కొట్టాలి. నీళ్లలో మన గెంతు చాలా ఎత్తు పోతుంది, పైకప్పు నిండా ముళ్లు. తగిలితే అక్కడికక్కడే చావు. అందుకని గెంతు బటన్‌ను పూర్తిగా నొక్కిపట్టకండి. బబుల్ లెడ్ దొరికాక హీట్ మ్యాన్ పెద్ద కష్టం కాదు.

అసలు మజా వుడ్ మ్యాన్ దగ్గర. హీట్ మ్యాన్ ఇచ్చే అటామిక్ ఫైర్‌ని పూర్తిగా చార్జ్ చేసి కొడితే వాడి ప్రాణం బార్‌లోని 28 గీతల్లో 14 పోతాయి. నిండు చార్జ్‌కి ఆయుధం బార్‌లో 10 గీతలు ఖర్చవుతాయి కాబట్టి ఒక బార్‌లో అలాంటివి రెండే వస్తాయి. అంటే రెండూ తగలాలి. ఆకుల కవచం చుట్టూ తిరుగుతుండగా కొడితే దెబ్బ వృథా. కవచాన్ని మన మీదికి వదిలాక దాని మీదుగా గెంతి, పైనుంచి రాలే ఆకుల సందులో నిలబడి అప్పుడు వదలాలి. మధ్యలో దెబ్బ తిని చార్జ్ పోగొట్టుకోవడమే చాలామంది చేసే పొరపాటు.

లీఫ్ షీల్డ్ ఎయిర్ మ్యాన్‌కి మందు. అయితే దాన్ని వేసుకుని నడవడం కుదరదు, ఏ దిక్కు నొక్కినా అటు ఎగిరిపోతుంది. వాడికి దగ్గరగా వెళ్లాకే వేయండి. అక్కడ వచ్చే ఎయిర్ షూటర్ సుడిగాలులు పైకి లేస్తాయి. మనం కాల్చగానే గెంతే క్రాష్ మ్యాన్ నేరుగా వాటిలోకే దూకుతాడు. ఇంత పొందికైన జోడీ గేమ్‌లో ఇంకోటి లేదు.

క్విక్ మ్యాన్ దగ్గర లెక్క తప్పుతుంది. ఫ్లాష్ మ్యాన్ ఇచ్చే టైమ్ స్టాపర్ ఒకసారి మొదలైతే బార్ ఖాళీ అయ్యేదాకా ఆగదు. నిండు బార్ వాడితే క్విక్ మ్యాన్ ప్రాణం సగం పోతుంది. కానీ దారిలో తగిలితే చంపే లేజర్లు అడ్డొస్తాయి, వాటిని ఆపడానికీ ఇదే కావాలనిపిస్తుంది. లేజర్ల దారి నేర్చుకుని దీన్ని బాస్‌కి దాచుకోండి. వాడి బూమరాంగ్‌లు ఒక్క క్షణం గాలిలో ఆగి మళ్లీ మనవైపే తిరుగుతాయి. మొదటిసారి తప్పించుకోగానే ఊపిరి పీల్చుకుంటే దొరికిపోతాం.

ఎనిమిది మందీ ఓడాక వచ్చే విలన్ డాక్టర్ వైలీ కోటలో, మొదటి దశ డ్రాగన్ దగ్గర అగాధం మీద మూడు దిమ్మెలే ఉంటాయి. దెబ్బకన్నా, దెబ్బ తగిలి వెనక్కి జారి పడిపోవడమే ప్రమాదం.

నాలుగో దశ బూబీమ్ గది మాత్రం డిజైన్ తప్పిదమే. గోడల మధ్య ఐదు ఫిరంగులు, వాటికి క్రాష్ బాంబర్ తప్ప ఇంకేదీ పనిచేయదు. నిండు బార్‌కి ఏడు బాంబులే. ఫిరంగులకు ఐదు పోతే గోడలకు మిగిలేవి రెండు. మిగతా గోడలను ఐటమ్ అనే సాధనాలతో మెట్లు వేసుకుని దాటాల్సిందే. ఒక్కటి దారి తప్పినా ఆట అక్కడితో సరి. చచ్చి తిరిగొచ్చినా బాంబులు నిండవు. బయటి శత్రువులను కొట్టి ఒక్కో గీతా పోగుచేయాలి, లేదా గేమ్ ఓవర్ చేసుకుని దశ మొదటి నుంచి రావాలి. ఎవరినైనా విసిగించే గది ఇది. సేవ్ స్టేట్‌ని (ఆటను ఉన్నచోటే భద్రపరిచే సదుపాయం) నిండు బార్‌తో ఈ తలుపు ముందు వాడితే తప్పేమీ కాదు. 2018 స్విచ్ వెర్షన్‌లో వెనక్కి తిప్పే సదుపాయం కూడా ఉంది, దాన్ని ఈ ఒక్క గదికే ఉంచుకోండి.

చివరి గ్రహాంతర జీవికి బబుల్ లెడ్ ఒక్కటే పనిచేస్తుంది. బుడగ కిందికి జారి నేల మీద దొర్లుతుంది కాబట్టి అది పైన ఎగురుతున్నప్పుడు వదలడం దండగ. కిందికి దిగి మన ముందుకు వచ్చేదాకా ఆగి, చిన్నగా గెంతి వదలండి.