వీధి పని ఎంచుకోవడానికి ఏది మేలు: వాట్సాప్ పోలా, వీధి మీటింగా, సోమవారం అర్జీయా?

విజయవాడ కాలనీల్లో ఏ పని అడగాలన్న మాట రాగానే మూడు దారులు కనిపిస్తాయి: గ్రూపులో పోల్ పెట్టడం, సాయంత్రం కూర్చుని తేల్చుకోవడం, ఎవరికివారు సోమవారం పీజీఆర్‌ఎస్‌లో (ప్రభుత్వం ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) అర్జీ ఇవ్వడం. ఉన్నది పాడైతే అర్జీ మేలు. కొత్తది కావాలంటే మీటింగే మేలు. పోల్ మీటింగుకు తోడే గానీ, దాని బదులు కాదు.

వెలగని దీపానికి, పగిలిన మ్యాన్‌హోల్ మూతకు ఓటింగు దేనికి? స్తంభం నంబరు, దగ్గరి డోర్ నంబరు, ఫొటోతో వార్డు సచివాలయంలో వీధి సదుపాయాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పాలి. కదలిక లేకపోతే సోమవారం అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఒక అర్జీలో ఒకే పని రాయండి. లైట్లు, రోడ్డు, డ్రైనేజీ కలిపి రాస్తే కాగితం ఏదో ఒక విభాగానికి వెళ్తుంది, మిగతావి అక్కడే ఆగిపోతాయి.

పోల్‌తో వచ్చే చిక్కు ఓటర్ల దగ్గరే ఉంది. గ్రూపులో ఎక్కువగా ఓనర్లే ఉంటారు. అద్దెకున్నవాళ్లు, చిన్న కొట్లవాళ్లు, స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లు లెక్కలోకి రారు. ఒకే ఇంటి నుంచి నలుగురు నొక్కుతారు. పైగా ఖర్చు తెలియకుండా ఓటేస్తే అందరూ సీసీ రోడ్డే కోరతారు.

మీటింగులో వరస తప్పకూడదు: ముందు నడక, తర్వాత అంచనా, చివర ఓటు. నడక రెండుసార్లు ఉండాలి, ఒకటి చీకటి పడ్డాక, ఒకటి వాన వెలిసిన వెంటనే. చూసినవన్నీ రాసుకుని కార్పొరేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గర ఉజ్జాయింపు ఖర్చు అడగాలి. సీసీ రోడ్డయితే రెండు ప్రశ్నలు తప్పనిసరి. కింద మంచినీటి, యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైన్లు పూర్తయ్యాయా? కాకపోతే వేసిన రోడ్డు మళ్లీ తవ్వుతారు. పాతది తీసి వేస్తారా, దాని మీదే పోస్తారా? మీదే 15 సెంటీమీటర్లు పోస్తే వాననీళ్లు గేట్లలోకి వస్తాయి.

స్పీడ్ బ్రేకర్ ప్రతి జాబితాలోనూ ఉంటుంది. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణాల ప్రకారం గుండ్రటి హంప్ బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. వీధుల్లో మేస్త్రీలు పోసే సన్నటి దిమ్మెలు రాత్రిపూట కనిపించక బైకులవాళ్లను పడేస్తాయి. కావాలంటే కొలతలు, రంగు, హెచ్చరిక బోర్డు కలిపే అడగండి.

ఓటు ఇంటికొకటి, అద్దె ఇంటికైనా సరే. ఒక్కో ఇంటికి మూడు మార్కులిచ్చి నచ్చిన పనులకు పంచమనాలి. అయితే సైడు కాలువను మాత్రం ఓటుకు పెట్టొద్దు. నీళ్లు నిలిచేది పల్లంలో ఉన్న ఐదారు ఇళ్ల ముందే, మెరకనున్నవాళ్లేమో ముప్పై ఇళ్లు. అలాంటి లెక్కలో కాలువ ఎప్పుడూ గెలవదు. దాన్ని కొలతతోనే తేల్చాలి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపులో నీళ్లు నింపి వీధి రెండు చివర్లా గోడ మీద గీత పెట్టండి. గీతల నుంచి కాలువ అడుగుకు కొలిస్తే వాలు ఎంతో తేలుతుంది. 200కు 1 వాలు కావాలంటే 60 మీటర్ల వీధికి 30 సెంటీమీటర్లు దిగాలి. దిగకపోతే ఎన్నిసార్లు పూడిక తీసినా నీళ్లు కదలవు. వన్‌టౌన్ కొండ మీద ఇళ్లకూ ఇదే న్యాయం. పైనున్నవాళ్లు తక్కువమంది కావచ్చు, విరిగిన మెట్ల మీద బిందె ఎత్తుకుని ఎక్కేది వాళ్లే. మెట్లు, పట్టుకునే రెయిలింగు ముందు రాసి, మిగిలినవాటికే ఓటు పెట్టాలి.

తేలాక మొదటి, రెండో ప్రాధాన్యాలు రాసి, డోర్ నంబర్లతో సంతకాలు చేయించి అర్జీ ఇవ్వండి. కౌన్సిల్ ఉన్నా, ప్రత్యేకాధికారి పాలన ఉన్నా ఏప్రిల్‌లో మొదలయ్యే బడ్జెట్‌కు నెలల ముందే అది చేరాలి. పని మంజూరయ్యాక ఎస్టిమేట్ కాపీ ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కాంక్రీటు పోసే రోజు ఆ కాపీ చేతిలో ఉంటే మందం టేపుతో అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.