భూశక్తి, సముద్రశక్తి: ఏది మేలు?

చైనా నుంచి యూరప్‌కు గూడ్సు రైళ్లు నడవడం మొదలయ్యాక ఈ ప్రశ్న పదేపదే వస్తోంది: ఇక సముద్రాల కాలం అయిపోయినట్టేనా? రైళ్ల వల్ల యురేషియా నడిబొడ్డుకు బలం పెరుగుతుందని బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త మాకిండర్ 1904లోనే అన్నాడు. అంతకుముందు, 1890లో, సముద్ర మార్గాలు ఎవరివో వారిదే పైచేయి అన్నాడు అమెరికా నౌకాదళ అధికారి మహాన్.

భూశక్తిని, అంటే విశాలమైన నేల మీది పట్టును, తీసిపారేయలేం. రష్యాను నెపోలియనూ హిట్లరూ మింగలేకపోయింది ఆ నేల విస్తారం వల్లే. అయితే నా దృష్టిలో అసలు తేల్చేది సైన్యం కాదు, రవాణా. అతిపెద్ద ఓడ ఒక్కటి 20,000కు పైగా కంటైనర్లు మోస్తుంది. రైలుకు 100 చొప్పున వేసుకున్నా అది 200 రైళ్ల సరుకు. బరువు లెక్కన ప్రపంచ వాణిజ్యంలో దాదాపు 80 శాతం ఇప్పటికీ నీటి మీదే సాగుతోంది.

సముద్రానికి ఇంకో సుగుణం, పక్కదారి. 2022లో ఉక్రెయిన్ మీదికి వెళ్లాక రష్యాను చూడండి. యూరప్ కొనడం మానేసిన చమురు ట్యాంకర్లెక్కి భారత్‌కూ చైనాకూ చేరింది. పైపుల్లో యూరప్ వెళ్లే గ్యాస్‌లో చాలాభాగానికి మాత్రం మరో దారి దొరకలేదు. అంత పెద్ద భూశక్తిని కూడా ఆదుకున్నది ఓడలే!

నెపోలియన్ కథా ఇంతే. 1805లో ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో బ్రిటన్ చేతిలో ఓడాక, 1806లో యూరప్ రేవులన్నిటినీ బ్రిటన్ సరుకుకు మూయించాలని చూశాడు. ఒక్క రేవు తెరిచి ఉన్నా దొంగసరుకు దిగేది. మాట వినలేదని 1807లో పోర్చుగల్ మీదికి, 1812లో రష్యా మీదికి వెళ్లాడు. బ్రిటన్ ఈలోగా సముద్రం అవతల కొత్త మార్కెట్లు వెతుక్కుంది.

సముద్రశక్తికి గండం జలసంధుల దగ్గరే, అంటే ఓడలు దాటాల్సిన ఇరుకు దారుల దగ్గరే. చెప్పుకోదగ్గ నౌకాదళం లేని యెమెన్ సాయుధ వర్గం హౌతీలు 2023 చివరి నుంచి ఒడ్డు మీది క్షిపణులతో, డ్రోన్లతో ఎర్ర సముద్రాన్ని హడలెత్తించారు. ఇది నేలకు పడాల్సిన మార్కే. అయినా ఓడలు ఆగిపోలేదు, ఖర్చూ ఆలస్యమూ భరించి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి.

వైమానిక బలం ఈ రెండింటికీ తోడే తప్ప విడిగా మూడో దారి కాదు.

తీరమూ సరిహద్దులూ రెండూ ఉన్న దేశమైతే ముందు సరిహద్దు తగాదాలు తెంచుకుని, మిగిలిన డబ్బు ఓడల మీద పెట్టడం మేలు. చైనా 1991 నుంచి రష్యాతో, ఆపై మధ్యాసియా పొరుగువాళ్లతో సరిహద్దులు తేల్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఓడల సంఖ్యలో దానిదే ప్రపంచంలో అతిపెద్ద నౌకాదళం. భారత్‌తో సరిహద్దు మాత్రం ఇంకా తేలలేదు.