తూర్పు గాలి రోజుల్లో విశాఖ నుంచి ఉప్పాడ దాకా

కార్తీకంలో సముద్రం చూడ్డానికి బయల్దేరేవాళ్ళు వాతావరణ వార్తల్లో వాన ఉందా లేదా అనే చూస్తారు. గాలి ఎటునుంచి వీస్తోందో ముందు చూడమని నేనంటాను. ఈ నవంబరులో అమ్మానాన్నలతో, పిల్లలతో మేం విశాఖ, భీమిలి, కాకినాడ, ఉప్పాడ తిరిగినన్నాళ్ళూ బంగాళాఖాతంలో అల్పపీడనం ఒకటి కదలకుండా కూర్చుంది. వాన పెద్దగా పడలేదు. గాలి మాత్రం పగలూ రాత్రీ తూర్పు, ఈశాన్యాల నుంచి ఒడ్డు మీదికే కొట్టింది. ఎక్కడ దిగాలి, ఎక్కడ తిరగాలి, ఎవరి మాట వినాలి అన్నీ ఆ గాలే తేల్చింది.

విశాఖలో మొదట బీచ్ రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్లో దిగాం. ఫోటోల్లో ఆ బాల్కనీ చూస్తే ఎవరికైనా మనసవుతుంది. తూర్పు గాలి రోజుల్లో దాని తలుపు తీయడమే కష్టం. తెల్లారేసరికి అద్దాల మీద ఉప్పు పొర, దుప్పట్ల మీద జిగట, రాత్రంతా కిటికీ సందుల్లో ఈల. ఆరేసిన తువ్వాళ్ళు మర్నాటికీ తడిగానే ఉన్నాయి. నాన్నగారికి ఉబ్బసం, ఆ తేమకి బాగా ఇబ్బంది పడ్డారు. వెనకవైపు గది అడిగితే ఇచ్చారు గానీ సముద్రం వైపు గదికని తీసుకున్న ఎక్కువ అద్దె తిరిగివ్వలేదు. ఈ కాలంలో గాలి ఎలా ఉంటుందో వాళ్ళకి బాగా తెలుసు. పెద్దవాళ్ళతో వస్తున్నామని మేం ముందే చెప్పాం. అయినా ఒక్క మాట అనలేదు, అదే నాకు కష్టమనిపించింది. తర్వాత సిరిపురం వైపు లోపలికి ఉన్న ఒక మామూలు లాడ్జికి మారాం. హంగులేమీ లేవు. పొడిగా ఉంది, అద్దె తక్కువ, నాన్నగారు హాయిగా నిద్రపోయారు.

ఆర్కే బీచ్ సాయంత్రం కూర్చోడానికి ఎప్పుడూ బాగుంటుంది. మొక్కజొన్న పొత్తు, మురీ మిక్చర్, జనం సందడి. గాలి భరించలేకపోతే అక్కడే కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది, పిల్లలకి దానికంటే గొప్ప కాలక్షేపం లేదు (సోమవారం సెలవు). నీళ్ళలోకి మాత్రం దిగొద్దు. గాలి, అలలు కలిసి ఒడ్డుకి తోసిన నీళ్ళు ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి కదా. ఇసుక మెట్టల మధ్య సందు దొరికితే, ఆ సందులోంచి ఒక పాయలా జోరుగా లోపలికి పారిపోతాయి. ఒడ్డునుంచి చూస్తే అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతుంటాయి. మధ్యలో ఆ కాస్త మేర మాత్రం అలల్లేకుండా, కొంచెం మురికిగా, ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. నడుము లోతులో నిలబడ్డ మనిషి కాళ్ళ కింద నేల దక్కకుండా పోతుంది. అందులో చిక్కినవాళ్ళు నేరుగా ఒడ్డుకి ఎదురీదితే అలిసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ పాయ దాటాక, అలలు విరిగే చోటునుంచి ఒడ్డుకి రావాలి. ఈత సరిగా రాకపోతే తేలుతూ చెయ్యెత్తి కేకేయాలి. ఈ నాలుగు మాటలూ తీరంలో బోర్డుల మీద పెద్ద అక్షరాలతో ఉండాలని నా కోరిక. నేను చూసిన బోర్డులో ‘లోతు ఎక్కువ, దిగరాదు’ అని మాత్రమే ఉంది. కార్తీక స్నానాలకి ఎక్కడెక్కడి పల్లెలనుంచో వచ్చినవాళ్ళు అది చదివి, మోకాలి దాకానే కదా అనుకుని దిగుతున్నారు.

బోర్డు చేయని పని ఒక కుర్రాడు చేశాడు. ఈల నోట్లో పెట్టుకుని పొద్దుటినుంచి జనాన్ని వెనక్కి పిలుస్తూనే ఉన్నాడు. “ఈత వచ్చినోళ్ళనే ఎక్కువ లాగుద్ది సార్, రానోళ్ళు దూరంగా ఉంటారు” అన్నాడు. రుషికొండలోనూ అంతే. శుభ్రతకీ భద్రతకీ ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది. ఆ రోజు ఎర్రజెండా పాతి, స్పీడ్ బోట్లు ఒడ్డుకి లాగేశారు. పిల్లలు ఏడుపు మొహం పెట్టారు. కైలాసగిరి రోప్‌వే కూడా గాలి తగ్గితేనే అన్నారు. బేరం పోతున్నా వద్దని చెప్పేవాళ్ళకి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఈ తీరంలో సేవ అంటే అదే.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగడం అందరికీ నచ్చింది. వేల ఏళ్ళ కింద, సముద్రమట్టం తగ్గిన రోజుల్లో, తీరం ఇసుకని గాలి ఎగరేసి తెచ్చి పోస్తే ఏర్పడిన దిబ్బలవి. తర్వాత ఇనుము తుప్పుపట్టి ఎర్రబడ్డాయి. గాలి కట్టిన ఆ దిబ్బల గండ్లలోకి దిగితే బయటి హోరు వినబడుతుంది గానీ చొక్కా కదలదు. ఎక్కకుండా, మట్టి రాల్చకుండా నడవండి, అది పోతే మళ్ళీ రాదు. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ చూసి గంటలో వచ్చేశాం. పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి.

కాకినాడకి సామర్లకోట మీదుగా రైల్లో వెళ్ళాం. ఉప్పాడ వెళ్ళాలని అమ్మకి ఎప్పటినుంచో కోరిక, అక్కడి జామ్దానీ చీర కోసం. కాకినాడనుంచి సముద్రం పక్కనే పోయే రోడ్డు ఉంది, దాని అందం అంతా ఇంతా కాదు. ఆటో అతను మాత్రం ఒప్పుకోలేదు. “అటు ఇవాళ వద్దండి బాబూ. కెరటం రోడ్డెక్కేస్తోందండి, రాళ్ళు కూడా వచ్చి పడుతున్నాయండి” అని పిఠాపురం మీదుగా తీసుకెళ్ళాడు. దూరం ఎక్కువైనా మంచి పని చేశాడు.

ఉప్పాడలో చూసింది నేను మర్చిపోలేను. ఒడ్డున వేసిన రాళ్ళ మీదినుంచి కెరటం లేచి వీధిలో పడుతోంది. సగం గోడ మిగిలిన ఇళ్ళున్నాయి. నవంబరు దాపుల్లో మన తీరంలో సముద్రమట్టం ఏడాదిలోకెల్లా ఎక్కువగా ఉంటుంది. భూమి తిరగడం వల్ల, గాలి తోసిన పైనీరు గాలి పోయే దిక్కుకి కుడివైపు మళ్ళుతుంది. ఈశాన్యం గాలికి ఆ కుడివైపు మన ఒడ్డే. అదే మార్చి, ఏప్రిల్ నెలల్లో నైరుతి గాలికి కుడివైపు నడిసముద్రం అవుతుంది, అప్పుడు ఒడ్డున మట్టం తగ్గి విశాఖ దగ్గర అడుగునుంచి చల్లని నీళ్ళు పైకొస్తాయి. ఇలా పెరిగిన మట్టానికి పౌర్ణమి పోటు, దాని మీద గాలి రేపిన కెరటాలు కలిస్తే ఉప్పాడ లాంటి కోతపడే ఊరికి ఊపిరి ఆడదు. పెను తుపాను రానక్కర్లేదు, నాలుగు రోజులు ఆగకుండా తూర్పు గాలి చాలు. తుపాను తర్వాత ఇక్కడి ఆడవాళ్ళు ఇసుకలో బంగారు రవ్వలు ఏరుకుంటారని పేపర్లలో వార్తలొస్తుంటాయి. సముద్రంలో కలిసిన ఇళ్ళవీ గుళ్ళవీ ఆ రవ్వలని ఊళ్ళో చెప్పుకుంటారు. వింతగా ఫోటోలు తీయడానికి వెళ్ళకండి. చీరలు కొనండి. నేతగాళ్ళ ఇళ్ళలోనే మగ్గం దగ్గర కూర్చోబెట్టి, రెండువైపులా ఒకేలా కనిపించే బుటా ఎలా వేస్తారో చూపించారు. అమ్మ కొన్న చీర ధర మాకు న్యాయంగానే అనిపించింది.

ఉప్పాడనుంచి వచ్చి కాకినాడ తీరాన నిలబడితే అదే గాలి, నీళ్ళు మాత్రం చెరువులా ఉన్నాయి. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డం ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్ళలో పెరిగిన దిబ్బ అది, పొడవు సుమారు 16 కిలోమీటర్లు. బయటి కెరటాల జోరు దాని మీదే విరుగుతుంది, కాకినాడ రేవుకి అదే రక్ష. ఆ అడ్డు ఉప్పాడ దాకా లేదు. పైగా దక్షిణంనుంచి తీరం వెంట రావాల్సిన ఇసుక కూడా ఉప్పాడకి సరిగా అందడంలేదని శాస్త్రజ్ఞులు అంటారు. పదిహేను కిలోమీటర్ల తేడాలో ఒక ఊరికి రక్ష, ఇంకో ఊరికి కోత.

హోప్ ఐలాండ్‌కి పడవ కుదుర్చుకుని కొంత బయానా ఇచ్చి ఉన్నాం. పొద్దున్నే పడవాయన ఫోన్ చేసి, మొగ దగ్గర కెరటం బాగాలేదు, తీసుకెళ్ళనని చెప్పి డబ్బు మొత్తం తిరిగిచ్చేశారు. బదులుగా కోరింగ మడ అడవికి వెళ్ళాం. చెట్ల మధ్య చెక్క బాట మీద నడుస్తుంటే పైన కొమ్మలు ఊగుతున్నాయి, కింద బురదలో ఎండ్రకాయలు తమ పని తాము చేసుకుంటున్నాయి. గాలి రోజుల్లో ఈ యాత్ర మొత్తానికీ మంచి చోటు ఇదే. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, పెద్దవాళ్ళు కూర్చోడానికి బల్లలు ఇంకొన్ని ఉంటే బాగుండేది. పోటు, పాటు సమయాలు టికెట్టు దగ్గరే అడగండి, పాటులో కాలువల్లో నీళ్ళు తగ్గి బురదే కనిపిస్తుంది.

తిండి సంగతి. వేట ఆగిన రోజుల్లో తాజా సముద్రపు చేప దొరకదు. దొరికిందంటే ఐస్‌లో పెట్టినదో, చెరువు చేపో. అడిగితే నిజం చెప్పిన మెస్సులోనే తిన్నాం, వాళ్ళ రొయ్యల వేపుడు చాలా బాగుంది. కాజాలకి గాలితో పనిలేదు.

బయల్దేరే ముందు చూడాల్సినవి రెండే. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తీరం వెంబడి అలల ఎత్తు, అవి వచ్చే దిక్కు, గాలి వేగం ముందుగానే చెబుతుంది. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్‌లో ‘మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు’ అనే మాట ఉంటే, గాలి గంటకి 45 నుంచి 55 కిలోమీటర్లు ఉండొచ్చని అర్థం చేసుకోండి. పుట్టినప్పటినుంచి సముద్రం మీద బతికేవాళ్ళనే వద్దన్న రోజున మన పడవ షికారు గురించి వేరే ఆలోచన అక్కర్లేదు. కాకినాడ, విశాఖ రేవుల్లో మూడో నంబరు హెచ్చరిక (రేవుకి ఈదురుగాలుల ముప్పుందని చెప్పే గుర్తు) ఎగరేశారంటే సముద్రం వైపు గది రద్దు చేసి, లోపలి వీధుల్లో తీసుకోండి.

హోప్ ఐలాండే చూడాలనుకుంటే సంక్రాంతి దాటాక, గాలి నెమ్మదించిన రోజు చూసుకుని అటవీ శాఖ అనుమతితో వెళ్ళండి. ఆ నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు అక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి కాబట్టి తీరం మీద చెత్త వేయకండి, గూళ్ళ జోలికి వెళ్ళకండి.