ఫెలోషిప్‌కి ఏది చూసి అప్లై చేయాలి: ఫ్రీడానా, ప్రోగ్రామ్ వెబ్‌సైటా, కోఆర్డినేటర్‌కి మెయిలా?

అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చేస్తూ కార్డియాలజీ ఫెలోషిప్‌కి, అంటే రెసిడెన్సీ తర్వాత చేసే స్పెషాలిటీ ట్రైనింగ్‌కి, వెళ్దామనుకునే మనవాళ్ళు చాలామంది ఇదే అడుగుతున్నారు, నేను కూడా ఈ తిప్పలన్నీ పడ్డా కాబట్టి చూసింది చూసినట్టు చెప్తా.

ముందు ఫ్రీడా. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్ళ ఆన్‌లైన్ డేటాబేస్, రెసిడెన్సీలు ఫెలోషిప్‌లు కలిపి 13,000 పైనే ప్రోగ్రామ్స్ ఉంటాయి, అన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి కాబట్టి స్టేట్ ప్రకారం, స్పెషాలిటీ ప్రకారం వడకట్టుకోవచ్చు. కాకపోతే ప్రోగ్రామ్ వాళ్ళు నింపితేనే వివరాలుంటాయి. లిస్టు రాసుకోడానికి ఇదే బెస్టు, అంతవరకే.

ఇక వెబ్‌సైట్లు. డైరెక్టర్ గారి వెల్కమ్ మెసేజ్, ఫ్యాకల్టీ ఫోటోలు దాదాపు అన్నిట్లో ఉంటాయి, మనకి కావాల్సిందేమో కాల్ (రాత్రి, వీకెండ్ ఎమర్జెన్సీలు చూసే డ్యూటీ) ఎన్నాళ్ళకోసారి పడుతుంది, రాత్రి ఇంట్లోంచి చూడొచ్చా లేక హాస్పిటల్లోనే ఉండాలా, మూడేళ్ళలో ఎన్ని ఎకోలు (గుండె స్కాన్లు) చదవనిస్తారు, యాంజియోగ్రామ్‌లు చేసే క్యాత్ ల్యాబ్‌లో చెయ్యి పెట్టనిస్తారా అని, అవి మాత్రం నేను చూసినవాటిలో చాలా తక్కువ చోట్ల రాశారు. అయినా ఇప్పుడున్న ఫెలోస్ పేజీ ఒక్కటి మాత్రం వదలొద్దు. ఎవరు ఏ కాలేజీలో చదివారో అక్కడ వేస్తారు, అందులో ఉస్మానియానో గుంటూరో కాకినాడ రంగరాయో కనపడిందంటే ఐఎంజీలని, అంటే బయటి దేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్ళని, నిజంగా తీసుకుంటున్నారన్నమాట, "అందరూ అర్హులే" అనే లైను కంటే నాకు అదే గట్టి రుజువు.

వీసా దగ్గరే వెబ్‌సైట్‌ని నమ్మి దెబ్బతిన్నా. ఒక ప్రోగ్రామ్ సైట్లో జె-1, హెచ్-1బి రెండూ ఓకే అనుంది, ఫీజు కట్టి అప్లై చేశాక అడిగితే హెచ్-1బి ఇవ్వడం ఎప్పుడో ఆపేశామన్నారు. చాలా బాధేసింది. ఇది చిన్న విషయం కాదండి, హెచ్-1బికి మామూలుగా 6 ఏళ్ళే గడువు, రెసిడెన్సీ 3, కార్డియాలజీ 3, అక్కడికి సరి. జె-1కి 7, కాబట్టి ఆ తర్వాత ఇంటర్వెన్షనల్ (స్టెంట్లు వేసే ట్రైనింగ్) ఒక ఏడాది అందులో సరిపోతుంది, ఈపీ (గుండె లయ సమస్యల ట్రైనింగ్) అంటే రెండేళ్ళు కాబట్టి లెక్క దాటిపోతుంది. పైగా 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చాక అంతకుముందు రాసిన వీసా పేజీలు ఏవీ అలాగే నమ్మలేం.

అందుకే నా ఓటు మెయిల్‌కే. జులైలో ఈరాస్ (ఆన్‌లైన్‌లో అప్లై చేసే సిస్టమ్) అప్లికేషన్లు వెళ్తాయి కాబట్టి మే నెలలోనే కోఆర్డినేటర్‌కి రెండు లైన్లు రాయండి: ఈ ఏడాది ఏ వీసా స్పాన్సర్ చేస్తున్నారు, రెసిడెన్సీ అయిన ఎన్నేళ్ళలోపు వాళ్ళని తీసుకుంటారు. కాల్ సంగతి మాత్రం అక్కడున్న ఫెలోనే అడగండి, మనవాళ్ళుంటే తెలుగులోనే చెప్తారు.