కెల్మ్‌స్కాట్ వెళ్తే ముందు ఇంటి కప్పు చూడండి

పంతొమ్మిదో శతాబ్దపు డిజైనర్ విలియం మోరిస్ పేరు విని కెల్మ్‌స్కాట్ మేనర్‌కు వెళ్ళేవాళ్ళు చాలామంది ఆయన పూల డిజైన్ల బట్టలు చూసి వచ్చేస్తారు. అసలు చూడాల్సింది ఇల్లే. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, థేమ్స్ నదికి దగ్గర్లో, 1600 ప్రాంతంలో ఓ రైతు కుటుంబం కట్టుకున్న సున్నపురాతి ఇల్లు. మోరిస్ 1871లో అద్దెకు తీసుకున్నది దీన్నే.

గేటు దాటగానే తలెత్తండి. చూరు దగ్గర పెద్ద రాతిపలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి, వెన్ను దగ్గర జానెడువి. వాన నీళ్ళు ఎక్కువగా చేరేది కిందే కాబట్టి అక్కడ అతుకులు తక్కువుండాలి. పైగా గనిలో దొరికిన ఏ సైజూ వృథా పోదు. మన తాండూరు నాపరాయిలా ఇదీ పొరలుగా చీలే సున్నపురాయే. కానీ దీన్ని, ముఖ్యంగా స్టోన్స్‌ఫీల్డ్ అనే ఊరి రాతిని, చీల్చింది చలి. తవ్విన రాతిని తడి ఆరకుండా మట్టి కప్పి ఉంచి, మంచు పడే రాత్రుల్లో బయటపెట్టేవారు. పొరల్లోని నీరు గడ్డకట్టి రాయి విడిపోయేది. ముందే ఆరిపోతే ఇక చీలదు. పలకలను ఓక్ చెక్క చీలలతో బద్దలకు తగిలిస్తారు. చీల కుళ్ళితే రాయి బాగున్నా జారిపోతుంది.

లోపల మేడమెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవారికి కష్టం. శీతాకాలంలో మూసేస్తారు, మిగతా నెలల్లోనూ రోజూ తెరవరు. రోజు చూసుకుని టికెట్ ముందే తీసుకోండి. లండన్ పాడింగ్టన్ నుంచి స్విండన్‌కు రైలు సుమారు గంట. అక్కడి నుంచి లెచ్‌లేడ్ అనే చిన్న ఊరు చేరితే నది వెంట ఐదు కిలోమీటర్ల నడక. వాన పడితే ఆ దారంతా బురద, బూట్లు తప్పనిసరి.

బస లెచ్‌లేడ్‌లో నయం. ఆ చుట్టుపక్కలే ఉన్న బైబరీ గ్రామం ఫోటోలకు బాగుంటుంది, జనం మాత్రం ఎక్కువ.

పాత రాతి ఇంట్లో గది తీసుకుంటుంటే ఫోటోల్లో గోడ అతుకులు పరిశీలించండి. సున్నపు గార అయితే మెత్తగా, రాయికంటే కొంచెం లోపలికి ఉంటుంది. బూడిదరంగు సిమెంటు పట్టీల్లా ఉబ్బి కనిపిస్తే ఆలోచించాల్సిందే. గోడలోకి దిగిన తేమ సున్నం గుండా ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమంతా రాతిలోనే నిలిచి, చలికి గడ్డకట్టి, రాతి ముఖం పెచ్చులుగా ఊడుతుంది. లోపల గోడ అడుగున తడి మరకలు, బట్టలకు ముక్కిపోయిన వాసన. అలాంటి గదికి ఎంత తగ్గించినా వద్దు.