ఊరు మారాక ఏ క్లబ్ మనది? పాత ఊరిదా, కొత్త ఊరిదా, టీవీలో కనిపించే పెద్దదా?

చదువుకో ఉద్యోగానికో ఊరు వదిలి వచ్చేసిన ప్రతి ఫుట్‌బాల్ అభిమానికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. చిన్నప్పుడు నాన్న చేయి పట్టుకుని వెళ్లి చూసిన క్లబ్ ఇప్పుడు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అది ఆడేది రెండో లీగ్‌లోనో మూడో లీగ్‌లోనో, దాని వార్తలు మీరున్న చోట పేపర్లో రావు, ఆఫీసులో ఎవరితోనైనా మాట్లాడదామంటే ఆ పేరే విని ఉండరు. మరోపక్క ఇప్పుడుంటున్న ఊళ్లోనూ ఓ క్లబ్ ఉంది, బస్సెక్కితే అరగంట. ఇంకోపక్క టీవీ పెడితే చాలు, ప్రపంచమంతా చూసే పెద్ద క్లబ్బులు. వీటిలో దేన్ని పట్టుకోవాలి? నేను ఈ మూడూ చేసి చూశాను, కాబట్టి నాకు తోచింది ఉన్నదున్నట్టు చెబుతాను.

పెద్ద క్లబ్ సంగతి ముందే తేల్చేస్తాను, దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఆట బ్రహ్మాండంగా ఉంటుంది, మేటి ఆటగాళ్లుంటారు, ఎక్కడున్నా మ్యాచ్ దొరుకుతుంది, మాట్లాడుకోవడానికి మనుషులకు కొదవ లేదు. తమ ఊళ్లో క్లబ్బే లేనివాళ్లు ఎంతోమంది ఉన్నారు, వాళ్లు టీవీలో చూసి ఒక జట్టుని ప్రేమిస్తే అది తక్కువరకం ప్రేమ అని నేను అనను, అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచేవాళ్లని కళ్లారా చూశాను. కానీ సొంతూరి క్లబ్ ఉండి, అది ఓడిపోతోందని దాన్ని వదిలి పెద్దదానికి మారడం వేరు. దూరపు కొండలు నునుపు. గెలుస్తుందని ఎంచుకున్న జట్టు గెలవడం మానేశాక మీకూ దానికీ మధ్య ఏం మిగులుతుంది? నేను రెండు సీజన్లు ఒక పెద్ద క్లబ్ వెనక తిరిగాను. వాళ్లు కప్పు గెలిచిన రాత్రి టీవీ కట్టేసి, మామూలుగా నిద్రపోయాను. అప్పుడే అర్థమైంది, ఇది నాది కాదని.

కొత్త ఊరి క్లబ్ మాత్రం గట్టి పోటీ ఇస్తుంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే పాత అభిమానులతో నేను ఏకీభవించను. ఫుట్‌బాల్ చూడాల్సింది గ్రౌండ్‌లోనే. టీవీలో కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పరిగెడుతుంది. గ్రౌండ్‌లో కూర్చుంటే బంతి అవతలి పక్క ఉన్నప్పుడు ఇవతల ఎడమ అంచున కాపుండే లెఫ్ట్ బ్యాక్ చెయ్యెత్తి పాస్ అడుగుతూ అడుగుతూ విసిగిపోయి నడుం మీద చేతులు పెట్టుకోవడం కనిపిస్తుంది, గోల్‌కీపర్ తన డిఫెండర్ల మీద ఎంత గట్టిగా అరుస్తాడో వినిపిస్తుంది. పైగా మనుషులు. కొత్త ఊళ్లో మనకి తెలిసినవాళ్లే ఉండరు కదా, అలాంటి చోట వరసగా నాలుగు మ్యాచ్‌లకి ఒకే సీట్లో కూర్చుని, ఒక వారం మానేసి మళ్లీ వెళితే పక్కనున్న పెద్దాయన "పోయిన వారం కనిపించలేదేంటి?" అని అడుగుతాడు. కొత్త ఊళ్లో నేను రాలేదని గమనించిన మొదటి మనిషి ఆయనే. ఆ మాటకి నేను ఎంత కదిలిపోయానో ఆయనకి తెలియదు.

కొత్తవాళ్లు క్లబ్‌కి ఏమీ కాకుండా పోరు కూడా. బెర్లిన్‌లో యూనియన్ బెర్లిన్ అనే క్లబ్ ఉంది, 2008-09లో స్టేడియం బాగుచేసుకోవడానికి డబ్బు చాలకపోతే రెండు వేల మందికి పైగా అభిమానులు తామే వచ్చి పని చేశారు, అందరూ కలిసి పెట్టిన సమయం దాదాపు 1,40,000 గంటలు. సిమెంటు మోసే చేతిని నువ్వు ఏ ఊళ్లో పుట్టావని ఎవరూ అడగరు. అలా చెమటోడ్చినవాడికి ఆ క్లబ్ మీద పూర్తి హక్కు ఉందనే నా నమ్మకం.

అయితే ఇదే క్లబ్ కథలో ఇంకో ముక్క ఉంది, నన్ను మళ్లీ పాత క్లబ్ వైపు లాగింది అదే. 2019లో యూనియన్ బెర్లిన్ మొదటిసారి జర్మనీ మొదటి లీగ్ బుండెస్‌లీగాకి చేరింది. ఆగస్టులో మొదటి మ్యాచ్‌కి అభిమానులు పెద్ద పెద్ద ఫొటోలు తెచ్చి స్టాండ్‌లలో ఎత్తి పట్టుకున్నారు. అవన్నీ ఆ రోజు చూడకుండానే చనిపోయిన తమవాళ్ల ఫొటోలు. నాన్నలు, తాతలు, పక్క సీట్లో కూర్చునే స్నేహితులు. ఆ మ్యాచ్‌లో వాళ్లు ఓడిపోయారు, కానీ ఆ ఫొటోలు చూసినవాళ్లు మర్చిపోలేరు. కొత్త ఊరి క్లబ్ రేపు ఏదైనా గెలిస్తే నేను ఎవరి ఫొటో ఎత్తి పట్టుకోవాలి? నా దగ్గరున్న ఫొటో మా నాన్నది, ఆయన జీవితమంతా అరిచింది ఇంకో క్లబ్ కోసం.

ఇక అసలు విషయానికొస్తే, దూరం నుంచి సొంతూరి క్లబ్‌ని అంటిపెట్టుకోవడం కష్టమే, కాదనను. మా అన్నయ్య ఇంకా అక్కడే ఉంటాడు, ప్రతి మ్యాచ్‌కీ వెళతాడు. నేను ఫోన్‌లో పెట్టుకుంటే ఆ వీడియో అసలు ఆట కంటే ముప్పై నలభై సెకన్లు వెనక నడుస్తుంది, అందుకని స్కోర్ నోటిఫికేషన్లన్నీ ఆపేసుకుంటాను, నేను పలకరించే దాకా మెసేజ్ పెట్టవద్దని అన్నయ్యతో ఒప్పందం. ఒకసారి ఎనభై ఎనిమిదో నిమిషంలో మాకు పెనాల్టీ వచ్చింది. ఆ టెన్షన్‌లో ఆయన ఒప్పందం మర్చిపోయాడు. నా తెరమీద మావాడు ఇంకా బంతిని చుక్కమీద పెట్టి, వంగి, బూటు లేసు సర్దుకుంటున్నాడు, పైనుంచి మెసేజ్ దిగింది: "పోయిందిరా." ఆ తర్వాత అరనిమిషం నేను ఆ పెనాల్టీని చూస్తూ కూర్చున్నాను. అతను నాలుగడుగులు వెనక్కి వేయడం, ఊపిరి తీసుకోవడం, పరుగు, అన్నీ. గోల్‌పోస్టు వెనక జనం చేతులు జోడించి ఉన్నారు, వాళ్లకింకా తెలియదు, నాకు తెలుసు. దూరంగా ఉండటమంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఇంకో చిత్రం, ఇంగ్లండ్‌లో 1960ల నుంచి ఒక ఏర్పాటు ఉంది: శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా టీవీలో లైవ్ ఫుట్‌బాల్ వేయరు, జనం చిన్న క్లబ్బుల గ్రౌండ్‌లకి వెళ్లడం మానేస్తారేమో అని. దాంతో ఊళ్లోనే ఉండి టికెట్ దొరకనివాడు మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్ చూడలేకపోతాడు, వేల మైళ్ల అవతల ఉన్నవాడు మాత్రం అక్కడి టీవీలోనో స్ట్రీమింగ్‌లోనో హాయిగా చూస్తాడు. ఈ ఒక్క విషయంలో దూరంగా ఉన్నవాళ్లదే పైచేయి.

అసలు నష్టం మ్యాచ్ దొరక్కపోవడం కాదు, మనం వదిలి వచ్చిన క్లబ్ మనసులో అక్కడే ఆగిపోవడం. ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ క్లబ్ దాదాపు వందేళ్ల పాటు రోకర్ పార్క్ గ్రౌండ్‌లో ఆడింది, 1997లో స్టేడియం ఆఫ్ లైట్‌కి మారింది. పాత గ్రౌండ్ పడగొట్టి ఇళ్లు కట్టారు, ఆ వీధులకి గోల్‌మౌత్ క్లోజ్, మిడ్‌ఫీల్డ్ డ్రైవ్ అని పేర్లు పెట్టారు. అంతకుముందే ఊరు వదిలినవాడు కళ్లు మూసుకుంటే కనిపించే గ్రౌండ్ ఇప్పుడు ఎవరివో పడగ్గదులు, వంటిళ్లు. నాకూ ఇలాగే ఉంటుంది, ఇప్పటి ఆటగాళ్ల పేర్లు తెలుసు, గోల్స్ లెక్క తెలుసు, కానీ ఒకడు దూరం నుంచి నడిచి వస్తుంటే నడకని బట్టి ఎవరో చెప్పలేను. చిన్నప్పుడు పదకొండు మందినీ నడకతోనే గుర్తుపట్టేవాణ్ని.

మరి ఇన్ని కష్టాలుండగా ఎందుకు వదలకూడదు? ఓపిక పట్టినవాడికి దక్కేది ఇంకెవరికీ దక్కదు కాబట్టి. ఇదే సండర్లాండ్ 2017లో ఓటములతో పై లీగ్ నుంచి కింది లీగ్‌కి పడింది, మరుసటి ఏడాది ఇంకో మెట్టు పడింది, నాలుగు సీజన్లు మూడో లీగ్‌లో మగ్గింది. 2022లో రెండో లీగ్‌కి లేచింది. 2025 మేలో లండన్ వెంబ్లీ స్టేడియంలో షెఫీల్డ్ యునైటెడ్ మీద 2-1తో గెలిచి మళ్లీ ప్రీమియర్ లీగ్‌కి చేరింది, గెలుపు గోల్ తొంభై నిమిషాలు దాటాక, చివర కలిపే ఇంజురీ టైమ్‌లో వచ్చింది. కొట్టింది టామీ వాట్సన్, ఆ ప్రాంతపు కుర్రాడే, క్లబ్ అకాడమీలో పెరిగినవాడు, అప్పటికే అతను బ్రైటన్ అనే ఇంకో క్లబ్‌కి వెళ్లిపోవడం ఖాయమైంది. వెళ్లిపోతున్నవాడే ఊరిని పైకి తెచ్చి వెళ్లాడు.

దూరంగా ఉన్నవాళ్ల వల్ల క్లబ్‌కి ఒరిగేదేంటి అనేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది రియల్ ఓవియేడో కథ. స్పెయిన్‌లోని ఈ క్లబ్ 2003లో అప్పుల్లో మునిగి నాలుగో లీగ్‌కి పడిపోయింది. అప్పుడు అక్కడి అకాడమీలో పెరిగిన పద్దెనిమిదేళ్ల శాంతి కజోర్లా వేరే దారి లేక వియారియల్ అనే ఇంకో క్లబ్‌కి వెళ్లాల్సి వచ్చింది. 2012లో క్లబ్ మూతపడే స్థితికి వస్తే, ఒక్కోటి 10.75 యూరోలకి షేర్లు అమ్మకానికి పెట్టారు. ఆ ఊరివాళ్లే కాదు, ఎన్నో దేశాల నుంచి కొన్నారు. అప్పటికి ఇంగ్లండ్‌లో పెద్ద ఆటగాళ్లయిన కజోర్లా, హువాన్ మాటా, మిచూ కూడా కొన్నారు, ముగ్గురూ ఓవియేడోలో ఆట నేర్చుకున్నవాళ్లే. క్లబ్ బతికింది. 2023లో, 38 ఏళ్ల వయసులో, కజోర్లా తిరిగి వచ్చాడు, నిబంధనలు ఒప్పుకునే కనీస జీతానికి సంతకం చేశాడు. 2025 జూన్‌లో, నలభయ్యేళ్లవాడు, పై లీగ్‌లో చోటు కోసం రెండు మ్యాచ్‌లుగా ఆడే ప్లేఆఫ్ ఫైనల్ రెండో మ్యాచ్‌లో పెనాల్టీ కొట్టాడు, ఓవియేడో 24 ఏళ్ల తర్వాత పై లీగ్‌కి చేరింది. ఇరవై ఏళ్లు దూరంగా ఉన్నంత మాత్రాన అతను ఆ ఊరివాడు కాకుండా పోయాడా?

సరే, మనం ఊరు వదలడం ఒక ఎత్తు, క్లబ్బే ఊరు వదిలేస్తే? 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన లండన్ క్లబ్ వింబుల్డన్‌ని 2003లో మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించారు. చాలామంది అభిమానులు దాని వెంట వెళ్లలేదు. 2002లో, తరలింపుకి అనుమతి రాగానే, వాళ్లే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్ పెట్టి లీగ్‌లలో తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టారు, 2011కి నాలుగో మెట్టుకి, అంటే ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు, 2020లో పాత క్లబ్ గ్రౌండ్ ఉండిన ప్లౌ లేన్‌కి మళ్లీ చేరారు. అలాంటప్పుడు నా ఓటు ఊరికి, తరలిపోయిన క్లబ్‌కి కాదు. పేరూ జెర్సీలూ కంపెనీ కాగితాల మీద ఎక్కడికైనా పోవచ్చు.

ఇంతకీ ఏది మేలు అంటే, నా లెక్క ఇది. మనసు సొంతూరి క్లబ్‌దే, ఇందులో బేరం లేదు. కొత్త ఊరి క్లబ్ మ్యాచ్‌కి మాత్రం తప్పకుండా వెళ్లండి, టికెట్ కొనండి, చప్పట్లు కొట్టండి, అది ద్రోహం కాదు. మెట్టినింట్లో బాగా కలిసిపోయిన ఆడపిల్ల పుట్టింటి కబురు అడగడం మానేస్తుందా? పెద్ద క్లబ్‌ని ఆట కోసం చూడండి, అంతవరకే. ఏది నిజంగా మీదో తెలియకపోతే ఓడిన రోజు చూసుకోండి. ఏది ఓడితే ఆదివారం పొద్దున్న ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదో అదే మీది.

ఒక్క పిల్లల దగ్గర మాత్రం నేను చాలామంది పాత అభిమానులతో విడిపోతాను. పుట్టిన పదో రోజునే తమ ఊరి జెర్సీ తొడిగి ఫొటో తీసేవాళ్లున్నారు. నేనూ తీశాను. కానీ మా అబ్బాయి పుట్టింది ఈ ఊళ్లో, నడక నేర్చుకుంది ఈ వీధుల్లో, వాడి స్నేహితులంతా ఇక్కడి క్లబ్బే. సొంతూరి క్లబ్ అనే మాటకి విలువుందని నేను నమ్మేటట్టయితే వాడి సొంతూరు ఇదే కదా, నాది కాదు. ఇది ఒప్పుకోవడానికి నాకు ఏడేళ్లు పట్టింది. వాడు మొదటిసారి ఈ ఊరి జెర్సీ అడిగిన రోజు కొనిచ్చాను, కొంచెం బాధగానే.

పోయిన ఏడాది ఒక కప్ పోటీలో మా పాత క్లబ్, ఈ ఊరి క్లబ్ ఎదురెదురు పడ్డాయి, మ్యాచ్ ఇక్కడే. అన్నయ్య రాత్రి బండెక్కి వచ్చాడు. మా అబ్బాయి స్నేహితుడి కుటుంబంతో కలిసి ఈ ఊరి అభిమానుల స్టాండ్‌కి వెళ్లాడు, మేమిద్దరం అతిథి అభిమానుల స్టాండ్‌కి. ఇన్నేళ్లుగా అరగంట బస్సులో వెళ్లే గ్రౌండే, ఆ మూల నుంచి ఎప్పుడూ చూడలేదు. రెండో సగంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని మా పాత క్లబ్ ఆటగాడు తలతో గోల్‌లోకి కొట్టాడు. ఫోన్ జేబులోనే ఉంది, అన్నయ్య పక్కనే ఉన్నాడు, ఎన్నో ఏళ్ల తర్వాత ఒక గోల్‌ని ఇద్దరం ఒకే క్షణంలో చూశాం. ఆయన నన్ను పట్టుకుని ఊపేస్తుంటే ఆయన భుజం మీదుగా అవతలి స్టాండ్‌లో మా అబ్బాయి కోసం వెతికాను. తల రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, అచ్చం మా నాన్నలాగే.