సన్‌బోర్డు పెట్టె, రెండు కటకాలు, చేతిలోని ఫోను: తక్కువ ఖర్చు వీఆర్ సెట్ సమీక్ష

ఫోను తెరను రెండు భాగాలు చేసి, ఒక్కో కంటికి ఒక్కో కటకంలోంచి చూపి, దృశ్యం మధ్యలోనే ఉన్నామనిపించేది వర్చువల్ రియాలిటీ (వీఆర్) సెట్. దాన్ని ఇంట్లో కట్టుకునేటప్పుడు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం కటకాలకు వెళ్ళాలి, పెట్టెకు వీలైనంత తక్కువ వెళ్ళాలి. అమలాపురంలో దొరికిన సామాన్లతో, ఆన్‌లైన్‌లో తెప్పించిన కటకాలతో నేను కట్టుకున్న సెట్‌కు ఫోను కాకుండా 600 రూపాయల లోపే అయింది. పోల్చి చూడటానికి కొన్న ఒక రెడీమేడ్ ప్లాస్టిక్ హెడ్‌సెట్‌కు కూడా ఇంచుమించు అంతే పడింది. ధర సమానమైనప్పుడు ఇంత చేతిపని ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కొంత కటకాల అమరికలో ఉంది, కొంత కోనసీమ గాలిలోని తేమలో ఉంది.

ఈ పద్ధతికి మూలం 2014లో గూగుల్ తన డెవలపర్ల సమావేశంలో పంచిపెట్టిన ‘కార్డ్‌బోర్డ్’ అనే అట్టపెట్టె. 2021లో గూగుల్ ఆ పెట్టెల అమ్మకాన్ని ఆపేసింది. అయితే దాని సాఫ్ట్‌వేర్‌ను 2019లోనే ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకునేలా, విడుదల చేసినందువల్ల పద్ధతి మాత్రం మూలపడలేదు.

ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయకముందు ఫోనులో గైరోస్కోపు ఉందో లేదో చూసుకోవడం తప్పనిసరి. తల ఎటు, ఎంత వేగంగా తిరిగిందో కనిపెట్టేది ఆ సెన్సారే. తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో అది ఉండదు. కొన్నింటిలో యాక్సెలరోమీటరును (కదలికను, వాలును పసిగట్టే సెన్సారు), దిక్సూచిని కలిపి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టే నకిలీ గైరోస్కోపు ఉంటుంది, దానితో చూస్తే దృశ్యం వణుకుతుంది, తల తిప్పిన కాసేపటికి గానీ కదలదు. సెన్సార్ల జాబితా చూపించే ‘ఫైఫాక్స్’ వంటి ఉచిత ఆప్‌తో నిమిషంలో సంగతి తేలిపోతుంది. గైరోస్కోపు లేని ఫోను ఉన్నవారు ఈ సమీక్షను ఇక్కడితో ఆపవచ్చు.

ఇక కటకాలు. కార్డ్‌బోర్డ్ తొలి నమూనాలో 25 మిల్లీమీటర్ల వ్యాసం, 45 మిల్లీమీటర్ల నాభ్యంతరం (దూరపు వెలుగు ఒకచోట చేరే నాభికి, కటకానికి మధ్య దూరం) గల ద్వికుంభాకార కటకాలు, అంటే రెండు వైపులా ఉబ్బినవి, వాడారు. రెండో నమూనాకు వచ్చేసరికి వ్యాసం 37 మిల్లీమీటర్లకు పెరిగింది. నేను ఈ రెండో కొలతవే తెప్పించాను, మొత్తం ఖర్చులో సగానికి దగ్గరగా వాటికే పోయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో ఇలాంటి కటకం దొరుకుతుందేమోనన్న ఆశ పెట్టుకోనవసరం లేదు. 45 మిల్లీమీటర్ల నాభ్యంతరం అంటే దాదాపు 22 డయాప్టర్ల శక్తి, చదువుకునే అద్దాల శక్తి సాధారణంగా మూడు దాటదు. పుస్తకాల కొట్లలో అమ్మే భూతద్దాలదీ అదే ఇబ్బంది: వాటి నాభి బాగా దూరంగా పడుతుంది కనుక పెట్టె జానెడు పొడవు చేయాల్సి వస్తుంది. అమ్మకందారు రాసిన అంకెను నమ్మకుండా, కిటికీకి ఎదురుగా తెల్లకాగితం పట్టుకుని, దాని ముందు కటకాన్ని జరుపుతూ, కాగితంపై బయటి చెట్టు స్పష్టంగా పడినప్పుడు రెండింటి మధ్య దూరాన్ని స్కేలుతో కొలిస్తే అసలు నాభ్యంతరం తెలుస్తుంది. జతలోని రెండు కటకాలకూ ఆ కొలత ఒకటిగా రాకపోతే తిప్పి పంపడమే మేలు.

ఫోను తెర కటకపు నాభి కంటే కాస్త కటకానికి దగ్గరగా ఉండాలి. అప్పుడే దృశ్యం దూరాన ఉన్నట్టు తోచి కంటికి శ్రమ తగ్గుతుంది. దగ్గరివి తప్ప దూరపువి కనిపించని హ్రస్వదృష్టి గలవారు తెరను ఇంకొంచెం దగ్గరకు జరుపుకుంటే చాలామటుకు అద్దాలు లేకుండానే చూడవచ్చు. అందుకే ఫోను పెట్టే అరను ముందుకు వెనక్కు జరిగేలా చేశాను. రెండు కటకాల మధ్య దూరం ఇంకా ముఖ్యం. పెద్దవారి కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు, పిల్లలకు అంతకంటే తక్కువ. నేను కొన్న రెడీమేడ్ హెడ్‌సెట్‌లో ఈ దూరం కదలదు. మా ఇంట్లో నాకు సరిపోయిన ఆ హెడ్‌సెట్‌తో మా మేనకోడలికి అన్నీ రెండేసి కనిపించాయి. సన్‌బోర్డుతో, అంటే తేలికైన నురుగు ప్లాస్టిక్ పలకతో, చేసిన పెట్టెలో కటకాలను విడివిడి పలకలకు బిగించి గాడిలో జరిపేలా చేయడంతో ఆ బెడద తీరిపోయింది. నా దృష్టిలో చేతిపనిని సమర్థించే మొదటి కారణం ఇదే.

రెండో కారణం తేమ. గోదావరి పాయల మధ్య ఉండే ఊళ్ళలో మామూలు అట్టపెట్టె శ్రావణమాసపు అప్పడంలా మెత్తబడిపోతుంది, కటకాలు వంగి చూపు తప్పుతుంది. కనుక అట్ట జోలికి పోకుండా ఫ్లెక్సీలు వేసే దుకాణంలో మిగిలిన 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. ఎన్నికల రోజులైతే ఈ ముక్కలకు కొదవే ఉండదు. పేపర్ కట్టరుతో తేలిగ్గా తెగుతుంది, గ్లూ గన్‌తో గట్టిగా అంటుకుంటుంది, నీటికి చెదరదు, బరువు తక్కువ. తెల్లగా ఉండటమే దాని లోపం. తెర వెలుగు లోపలి గోడలపై పడి దృశ్యం వెలవెలబోతుంది కాబట్టి లోపలంతా నల్ల చార్టు కాగితం అతికించాలి. తలకు బిగించడానికి టైలరింగ్ సామాన్ల కొట్టులో వెడల్పాటి ఎలాస్టిక్ కొనుక్కుంటే సరిపోతుంది. నడినెత్తి మీదుగా ఇంకో పట్టీ వేయకపోతే ఫోను బరువంతా ముక్కు మీద పడుతుంది. ముఖానికి తగిలే చోట స్పాంజి కన్నా వెల్క్రోతో ఊడదీసి ఉతుక్కోగల తువ్వాలు ముక్క నయం. మన ఉక్కపోతలో ఒకరి చెమట అంటిన స్పాంజిని ఇంకొకరు ముఖానికి పెట్టుకోవడం బాగుండదు.

ఫోను పెట్టెలో ఉండగా తెరను నొక్కడానికి వాడే మీట విషయం క్లుప్తంగా చెబుతాను. తొలి నమూనాలోని అయస్కాంతపు మీట ఫోను దిక్సూచిని కదిలించి పనిచేసేది, అన్ని ఫోన్లతోనూ కుదరదు. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను చిన్న స్పాంజి ముక్కకు చుట్టి, ఒక కొస తెరకు తగిలేలా, రెండో కొస వేలికి అందేలా పెట్టెలోంచి బయటకు తెస్తే అది మన వేలి స్పర్శనే తెరకు చేరవేస్తుంది. దీనికి ఖర్చే లేదు.

దృశ్యం ఎలా ఉందన్నది అసలు ప్రశ్న. 2013లో 300 డాలర్లకు వచ్చిన, ఓకులస్ అనే వీఆర్ సంస్థ తొలి డెవలపర్ కిట్‌లో ఒక్కో కంటికి 640 × 800 పిక్సెళ్ళు ఉండేవి. ఈనాటి సాధారణ ఫుల్ హెచ్‌డీ ఫోను ఒక్కో కంటికి అంతకంటే ఎక్కువే ఇస్తుంది. అయినా తెర మీది గళ్ళు కనిపిస్తూనే ఉంటాయి, అంచుల్లో రంగులు విడిపోతాయి. ఒంటి ప్లాస్టిక్ కటకం నుంచి అంతకు మించి ఆశించలేము. యూట్యూబ్‌లోని 360 డిగ్రీల వీడియోలు చూసేటప్పుడు నాణ్యతను 2160కి మార్చుకోవడం అవసరం. ఆ నాణ్యతలో అడ్డంగా ఉండే 3840 పిక్సెళ్ళు చుట్టూరా పరుచుకుంటే మన ముందు కనిపించే 90 డిగ్రీలకు వచ్చేవి 960 మాత్రమే. 1080 నాణ్యతలో అవి 480కి పడిపోయి, మంచు పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టే అవుతుంది. నదులు, కొండలు, గుడులు, అంతరిక్షం వంటి నెమ్మది దృశ్యాలు ఈ సెట్‌లో నిజంగా బాగున్నాయి. పిల్లలకు సౌరకుటుంబం చూపించదలచిన ఉపాధ్యాయులకు నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

ఆటలకు మాత్రం చేయను. ఈ సెట్ తల తిప్పడాన్ని గుర్తిస్తుంది గానీ, ముందుకు వంగినా అడుగు వేసినా గుర్తించదు. చెవిలోని సమతుల్యతా యంత్రాంగం కదిలానంటుంది, కన్ను లేదంటుంది, ఆ తగువులో కడుపు తిప్పుతుంది. కంప్యూటరులోని వీఆర్ ఆటలను వైఫై ద్వారా ఫోనుకు పంపే ఆప్‌లు ఉన్నాయి. మంచి గ్రాఫిక్స్ కార్డు, 5 గిగాహెర్ట్జ్ రౌటరు లేనివారికి వాటివల్ల వచ్చేది తలనొప్పే. అవి ఉన్నవారికి ఇంత పొదుపు సెట్ అవసరమే ఉండదు.

మే నెలలో ఇంకో చిక్కు ఉంది. మూసిన పెట్టెలో ఫోను త్వరగా వేడెక్కి, తెర తనంతట తానే మసకబారుతుంది. ఫోను వెనుక భాగాన్ని పూర్తిగా తెరిచి, పక్కలకే ఆసరా ఇస్తే కొంత ఊరట. పని అయ్యాక పెట్టెను అరుగు మీదో కిటికీ గట్టు మీదో ఎండకు వదిలేయకూడదు, ఆ కటకాలు ఎండను ఒకచోట చేర్చి ఫోను తెరను కాల్చేయగలవు. వానాకాలంలో అయితే కటకాలకు బూజు పట్టకుండా, మందు సీసాల్లోనూ చెప్పుల పెట్టెల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లాలను వాటితోపాటు డబ్బాలో వేసి ఉంచాలి.

కొత్త కటకాలు తెప్పించే ముందు చుట్టాల ఇళ్ళలో ఒకసారి అడిగి చూడండి. ఒకప్పుడు సరదాపడి కొని అటక మీద పడేసిన ప్లాస్టిక్ హెడ్‌సెట్ ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది. గీతలు లేకపోతే దాని కటకాలను ఊడదీసి ఈ పెట్టెలో బిగించుకోవచ్చు, అప్పుడు మొత్తం ఖర్చు 300 రూపాయలకు దిగుతుంది.